ఎవరికి ప్రియం?

బడ్జెట్ మర్నాడు పత్రికల్లో రెండు జాబితాలు పక్కపక్కనే పడతాయి: చౌకయ్యేవి, ప్రియమయ్యేవి. ఉత్తరాలు రాసుకున్న రోజుల్లో అదే మాట ‘ప్రియమైన అన్నయ్యకు’ అంటూ మొదటి వరుసలో కూర్చునేది. ధర మండిపోయినా ప్రియమే, మనసు కరిగినా ప్రియమే. ఇంత దూరపు అర్థాలు రెండూ ఒకే మాటలో ఎలా ఇమిడాయి?

సంస్కృతంలో ‘ప్రీ’ ధాతువుకు తృప్తి పరచడం, ఇష్టపడడం అని అర్థాలు. అందులోంచి వచ్చిన ‘ప్రియం’కు మొదటి పని మనసుతోనే. తెలుగులో అది అంగట్లోకీ దిగింది. తెలంగాణలో ఆ మాట నలిగి ‘పిరం’ అయింది. ఉల్లిగడ్డ పిరమైతది, టమాట అగ్గువైతది. అయితే ‘నా బిడ్డ నాకు పిరం’ అని ఎవరూ అనరు. తద్భవం బజారులోనే స్థిరపడిపోయింది, తత్సమం మాత్రం ఇంటికీ బజారుకీ మధ్య తిరుగుతూనే ఉంది. వ్యతిరేకపదాలు కూడా దీనికి రెండున్నాయి. మనసు అర్థానికి అప్రియం, ధర అర్థానికి చౌక. చౌక వస్తువును అప్రియం అనం, గిట్టనివాణ్ణి చౌక అనం.

వాడుకలో ఈ రెండర్థాలనూ విడదీసేది ఒక చిన్న విభక్తి. ‘నాకు ప్రియం’ అంటే ఇష్టం, వట్టి ‘ప్రియం’ అంటే ధర. మన వ్యాకరణాలు కి, కు ప్రత్యయాలను షష్ఠిలో, ‘యొక్క’ పక్కనే చేర్చాయి. ఆ ‘కు’ ఉంటే వాక్యంలో ఒక మనిషి ఉంటాడు. అది ఊడిపోతే మిగిలేది బజారు.

పాత కంప్యూటర్ల ధరలు చూస్తుంటే ఈ ‘కు’ పదేపదే గుర్తొస్తుంది. కొత్తలో కంప్యూటర్ ప్రియమే. ఆపిల్ సంస్థ 1984లో మెకింటాష్‌ను 2,495 డాలర్లకు అమ్మింది. పదిహేనేళ్లు తిరిగేసరికి అలాంటివన్నీ అటక మీదికో, తూకానికో చేరాయి. తూకపు కాటాకు షష్ఠి తెలియదు. 1995లో వచ్చిన ఇంటెల్ పెంటియం ప్రో చిప్పులను తుక్కు వ్యాపారులు వెతికి మరీ కొనడం వాటిలోని బంగారం కోసమే. హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆదివారం సంతలో కీబోర్డుల గుట్ట దగ్గర బేరమాడేవాడికైనా, అమ్మేవాడికైనా, అది ఎవరికి ఏమయ్యేదో అక్కర్లేదు.

ఆ తర్వాత కొన్ని యంత్రాలు మళ్లీ ప్రియమవుతాయి. ఈ రెండో ప్రియం మొదటిది కాదు. మొదటిది చేసిపెట్టే పనికి కట్టిన ధర, రెండోది ఇష్టానికి కట్టిన ధర. ఆపిల్-1నే చూడండి. 1976లో దాని ధర 666.66 డాలర్లు. ఆ డబ్బుకు చేతికొచ్చేది ఒక సర్క్యూట్ బోర్డు మాత్రమే. పెట్టె, కీబోర్డు, తెర కొన్నవాళ్లే సమకూర్చుకోవాలి. చేసినవి సుమారు 200. వాటిలో ఒకదాన్ని కాలిఫోర్నియాలోని చాఫీ కాలేజీ ఆచార్యుడొకరు 1977లో తన విద్యార్థికి 650 డాలర్లకు ఇచ్చేశారు. కోవా కలప పెట్టెలో అమర్చిన ఆ యంత్రం 2021 నవంబరులో వేలానికొచ్చి, 4 లక్షల డాలర్ల దగ్గర పాట ముగిసింది. వేలం సంస్థ రుసుముతో కలిపితే 5 లక్షలు.

అరుదైనది కాబట్టి అంత పలికిందని తేల్చేయొచ్చు. అరుదైనదానికి మనకు వేరే మాట ఉంది: అపురూపం. అపురూపమైనవన్నీ ప్రియం కావు. హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. అది అపురూపం కాదని ఎవరంటారు? కానీ అది సంస్థల గదుల్లో పనిచేసిన యంత్రం. దాని ముందు కూర్చుని ఆటలాడుతూ పెరిగిన పిల్లలు లేరు. కమొడోర్-64 ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 1982లో వచ్చిన ఆ యంత్రం కోటికి పైగా అమ్ముడుపోయింది, అపురూపం అనే వీలే లేదు. అయినా దాన్ని వెతుక్కుంటూ అమెరికాలో, యూరప్‌లో జనం ఉన్నారు. అరుదుగా ఉండడం వస్తువు గుణం. ప్రియం కావాలంటే ఎదుట ఒకరుండాలి. వేలంపాట పైకి పోవాలంటే ఇద్దరుండాలి.

ఆ ‘ఒకరు’ ఉన్నారో లేదో యంత్రం మీదే ఆనవాలు కనిపిస్తుంది. కమొడోర్ అమిగా 2000 మదర్‌బోర్డు మీద ఒక చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీ టంకం వేసి ఉంటుంది. గడియారం ఆగకుండా చూడడమే దాని పని. మూల పడేసిన యంత్రంలో అది మెల్లగా కారుతుంది. కారిన ద్రవం పక్కనున్న సాకెట్ల కాళ్లను, రాగి గీతలను తింటూ పోతుంది, చుట్టూ పచ్చని చిలుము పడుతుంది. అందుకే తెలిసిన సేకర్త మొత్తం యంత్రం ఫొటో చూసి మోసపోడు, బ్యాటరీ ఉన్న మూల ఫొటో విడిగా అడుగుతాడు. అమ్మేవాడు ‘ఆన్ చేసి చూడలేదు’ అన్నాడంటే ధర అక్కడే సగం తెగుతుంది. అదే మూలలో బ్యాటరీని ఎవరో ఎప్పుడో శుభ్రంగా పీకేసిన గుర్తుంటే ధర నిలబడుతుంది. ఆ పీకినవాడికి ఆ యంత్రం ప్రియమని అర్థం. పాడైన కెపాసిటర్లు మార్చడం, పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచడం కూడా అలాంటి ఆనవాళ్లే. రెండోదాని విషయంలో మాత్రం సేకర్తల్లో ఏకాభిప్రాయం లేదు. వయసును వయసుగానే ఉంచమనేవాళ్లూ ఉన్నారు.

‘కు’ ఊడిన ప్రియం కూడా ఈ లోకంలోకి వచ్చేసింది. 2021 జులైలో సూపర్ మారియో 64 అనే వీడియోగేమ్ పెట్టె ఒకటి అమెరికాలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. సీలు విప్పని పెట్టె. విప్పితే ధర పడిపోతుంది కాబట్టి ఇకముందు కూడా విప్పరు. ఎవరూ ఆడని ఆట అది. ఎవరికి ప్రియమని అడిగితే చెప్పడానికి పేరుండదు. అది పిరం, అంతే.

ఒక్కోసారి ఆ మనిషి పోయాక ధర మిగులుతుంది. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ అలెన్ పాత కంప్యూటర్లను సేకరించి, బాగు చేయించి, సియాటిల్‌లో మ్యూజియం పెట్టారు. అక్కడి యంత్రాలు అద్దాల వెనక బొమ్మలు కావు. వచ్చినవాళ్లు కూర్చుని నడిపేవారు. 2018లో ఆయన పోయారు. 2020లో మూతపడ్డ మ్యూజియం మళ్లీ తెరుచుకోలేదు. 2024లో ఆయన సేకరణలోని వస్తువులను క్రిస్టీస్ వేలం వేసినప్పుడు, స్టీవ్ జాబ్స్ కార్యాలయంలో ఉండిన ఆపిల్-1 ఒకటి 9,45,000 డాలర్లు పలికింది. అలెన్‌కు ప్రియమైంది యంత్రాన్ని నడపడం. వేలంలో ప్రియమైంది యంత్రం.

పాత కంప్యూటర్ కొని దాచుకుంటే లాభమా అని అడిగేవాళ్లకు ఆ ‘కు’ విభక్తి కొంత జవాబు చెబుతుంది. 1996లో వచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ వూడూ గ్రాఫిక్స్ కార్డులతో ఆటలాడిన కుర్రాళ్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు, జీతాలున్నాయి, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆ కార్డులకు, ఒకప్పుడు ఉచితంగా ఇచ్చినా వద్దన్న బరువైన పిక్చర్ ట్యూబు మానిటర్లకు ఇప్పుడు గిరాకీ ఉండడానికి కారణం వాళ్లే. వాళ్లకు ముందుతరం చేత్తో టంకం పెట్టుకున్న కంప్యూటర్ కిట్లలో చరిత్రకెక్కినవి మ్యూజియాల పాలో, కోటీశ్వరుల పాలో అవుతాయి. మిగతావాటికి ‘నాకు’ అనేవాళ్లు ఏటికేడు తగ్గుతారు, ధర కూడా వాళ్ల వెంటే దిగుతుంది. లాభం కోసం కొనేవాడు లెక్కపెట్టాల్సింది లోకంలో యంత్రాలెన్ని మిగిలాయని కాదు, వాటిని ప్రియమనుకునేవాళ్లెందరు మిగిలారని. తనకే ప్రియమై కొన్నవాడికి ఆ లెక్కతో పనిలేదు.