పోడు: కాల్చేదా, కొట్టేదా?

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టిన తెలుగువారు ఛెనా పోడ రుచి చూడకుండా రారు. విరిగిన పాల ముద్దలో పంచదార కలిపి, పైపొర మాడి ఎర్రబడేదాకా కాల్చే మిఠాయి అది. ఆ పేరులోని ‘పోడ’ అంటే కాల్చినదని అర్థం. ఒడియాలో ‘పోడిబా’ అంటే కాలడం. కొండవాలు మీద అడవిని కాల్చి చేసే సేద్యానికి కూడా వాళ్ల పేరు ‘పోడు చాస’. ఇక వ్యుత్పత్తికి వేరే వెతుకులాట ఎందుకంటారు ఒడియా మిత్రులు.

మన దగ్గర మాత్రం పోడు ‘కొడతారు’. ‘పోడు నరికారు’ అంటారు, ‘పోడు చేసుకుంటున్నారు’ అంటారు. ‘పోడు కాల్చారు’ అనే మాట అరుదు. ఒడియా చెవికి ఈ మాటలో నిప్పు వినిపిస్తే, తెలుగు నోటికి గొడ్డలి తగులుతుంది. పదం ఎటునుంచి ఎటు ప్రయాణించిందో గట్టిగా తేల్చడం కష్టం. తూర్పు కనుమలకు భాషా సరిహద్దులు లేవు. కువి, సవర, కోయ మాట్లాడేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. నా మట్టుకు ఒడియా వాదమే బరువుగా తోస్తుంది గానీ, ‘కొట్టు’ను వదులుకోవడానికి మనసొప్పదు.

తగవు ఎటు తేలినా ఒక లోటు మిగులుతుంది. కొట్టడం, కాల్చడం రెండూ పోడులో కొద్ది రోజుల పని. విత్తి కోసుకునేది రెండు మూడేళ్లు. ఆ తర్వాత పది, పదిహేనేళ్లు ఆ వాలును అడవికి వదిలేస్తారు. కాలంలో సింహభాగం ఈ వదలడానిదే. దానికి మాత్రం పేరులో చోటు దక్కలేదు. పోడును చూసి పేరు పెట్టినవాళ్లకు పొగ కనిపించింది, నేల తీసుకునే విశ్రాంతి కనిపించలేదు.

ఈ సేద్యానికి జ్ఞాతులు చాలామంది ఉన్నారు. ఈశాన్యంలో జూమ్, మధ్యభారతంలో బైగాల బేవర్, కన్నడనాట కుమరి, మలయాళంలో పునం. ‘పునం’ వినగానే మన పునాస గుర్తొస్తుంది. చెవికి దగ్గరైనంత మాత్రాన చుట్టరికం కుదిరిపోదు కాబట్టి దాని జోలికి పోను.

వీటిలో విచిత్రమైన జాతకం బర్మా మాటది. తౌంగ్ అంటే కొండ, యా అంటే మెట్టచేను. తౌంగ్యా అంటే అచ్చంగా కొండచేను. డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1856లో బ్రిటిష్ వారి తరఫున పెగూ అడవుల బాధ్యత చేపట్టాడు. కొండచేను చేసే కరెన్ జనం టేకుకు శత్రువులని అప్పటి అధికారుల లెక్క. బ్రాండిస్ కాలంలో ఆ లెక్క తిరగబడింది. మీ చేను మీరు చేసుకోండి, పంట మధ్య టేకు గింజలు కూడా వేయండి అన్నారు. రెండు మూడేళ్లకు కరెన్‌లు అలవాటు ప్రకారం మరో వాలుకు జరిగితే, వెనకాల సర్కారుకు టేకుతోట మిగిలింది. క్రమంగా తౌంగ్యా అటవీశాఖల పరిభాష అయింది, ఖండాలు దాటింది. కొండవాళ్ల దగ్గర ఆధునిక నాగరికత నేర్చుకోగలదా అని అడిగేవాళ్లకు నేను చెప్పే మొదటి జవాబు ఇదే. ఎందుకు నేర్చుకోదు, బ్రహ్మాండంగా నేర్చుకుంది. మాటను, పద్ధతిని తెచ్చుకుంది. కలపనూ తెచ్చుకుంది. అయితే తిరిగి అడవి కావాల్సిన నేల టేకుతోట అయింది. కరెన్‌లకు మళ్లీ వచ్చే చోటు లేకుండా పోయింది.

పోడు చేసేవాణ్ని రైతు అనడానికి మనకు నోరు రాదు. తప్పు కొంత మాటలదే. సంస్కృతంలో కృషి అంటే దున్నడం. కృష్ ధాతువుకు ఈడ్చడమని అర్థం, నాగలిని నేలలో ఈడ్చినవాడే కర్షకుడు. వ్యవసాయం అంటే పట్టుదల, దృఢనిశ్చయం. గీతలో ఆ మాట వచ్చేది ఈ అర్థంలోనే. తెలుగువాళ్లం ఏ ముహూర్తాన కలగలిపామో గానీ, రెండింటినీ తారుమారు చేశాం. దున్నడమనే కృషి మనకు ప్రయత్నమైంది, ప్రయత్నమనే వ్యవసాయం దున్నడమైంది. హిందీలో వ్యవసాయ్ అంటే వ్యాపారం. మన వ్యవసాయ శాఖ బోర్డు నాగరిలో రాస్తే, ఉత్తరాది ప్రయాణికుడు అది వర్తకుల ఆఫీసనుకుంటాడు.

పోడులో నాగలి లేదు. గొప్పుతోనో మొనదేలిన కర్రతోనో గుంట చేసి గింజ వేస్తారు. వాలు మీద దున్నితే మట్టి మొదటి వానకే వాగు పాలవుతుందని వాళ్లకు తెలుసు. బైగాలైతే దున్నడమంటే తల్లి రొమ్ము చీల్చడమేనన్నారని మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1939లో అచ్చయిన తన పుస్తకంలో నమోదు చేశాడు. ఈడ్చనివాడు కర్షకుడెలా అవుతాడని మాత్రం మన వ్యుత్పత్తి అడ్డం పడుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదిమ సముదాయాలకు ఆవాస ప్రాంతం మీద హక్కు ఇస్తూనే, పక్కన ‘వ్యవసాయ పూర్వ సముదాయాలు’ అనే మాట వాడింది. మంచి చట్టమే. కానీ ఒకే వాలులో ఏడెనిమిది రకాల గింజ వేసేవాళ్లు కూడా ఆ మాట కిందికే వస్తే వాళ్లు వ్యవసాయానికి పూర్వం ఎలా అవుతారో నాకు కొరుకుడు పడలేదు.

ఆ వాలు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. పాపికొండల్లో కొండరెడ్ల పోడును మరో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో వచ్చిన తన గ్రంథంలో విపులంగా రాశాడు. వేసవి ముదరకముందే పొదలూ చిన్న చెట్లూ నరుకుతారు. ఇప్ప, చింత, మామిడి, జీలుగు జోలికి పోరు. మొదళ్లను నేలమట్టం చేయరు, మోకాలెత్తున వదులుతారు. వేళ్లు బతికుంటే మట్టి కదలదు, చేను వదిలిన ఏడే చిగురు వస్తుంది. తొలకరికి ముందు నిప్పు పెడతారు. ఆ బూడిదే ఎరువు. సామ, చోడి, కొర్ర, జొన్న, కంది, బొబ్బర, గుమ్మడి అన్నీ కలిసే మొలుస్తాయి. సామ ముందు కోతకొస్తుంది, కంది చివరన. ఒకటి పోయినా ఇంకొకటి కుండలోకి వస్తుంది. బీమా కాగితం లేని బీమా అనుకోవచ్చు.

వదిలిన చేనును మైదానం వాళ్లం బీడు అంటాం. ‘బతుకు బీడైపోయింది’ అనడంలోనే దాని మీద మనకున్న అభిప్రాయం తెలుస్తుంది. తెలంగాణలో పడావు పడ్డ భూమి అంటారు. ఉర్దూలో పడావ్ అంటే బాటసారి ఆగే మజిలీ. నేల కాసేపు ఆగిందన్న ఊహ అందులో ఉందనుకుంటే బాగుంటుంది, కానీ ఊహే. ఇక పోరంబోకు సంగతి. తమిళంలో పుఱం అంటే వెలుపల, పోక్కు అంటే పోయినది. శిస్తు లెక్కకు వెలుపల ఉన్న ఊరుమ్మడి నేల. పశువులు మేసే చోటు, చెరువు గట్టు, వాగు ఒడ్డు. అందరిదీ అయినందుకు ఆ పాపం ఎంత చుట్టుకుందంటే, తెలుగులో అది పనికిమాలినవాణ్ని తిట్టే తిట్టయింది. లెక్కలోకి రానిదంతా పనికిరానిదే అని తేల్చిన గుమాస్తా ఎవరో గానీ, భాష మీద అతని ముద్ర గట్టిగానే పడింది.

ఆ లెక్కే 1882 మద్రాసు అటవీ చట్టమై కొండలెక్కింది. పోడుకు హద్దులు పడ్డాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి కారణాల్లో అదొకటి. తిరగడానికి అడవి తగ్గితే వదలడానికి వ్యవధి తగ్గుతుంది. జనం పెరిగితే ఇంకా తగ్గుతుంది. పదిహేనేళ్లు వదలాల్సిన వాలుకు మూడేళ్లకే తిరిగొస్తే మట్టి నిజంగానే కొట్టుకుపోతుంది. పోడును నెత్తిన పెట్టుకుని పూజించేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. తిట్టేవాళ్లు ఆ వ్యవధి ఎందుకు తగ్గిందో దాటేస్తారు.

మైదానం కొండ దగ్గర అసలేమీ తీసుకోలేదనను. తిండి తీసుకుంది. కొర్రల్నీ సామల్నీ ఒకప్పుడు తృణధాన్యాలన్నాం. తృణమంటే గడ్డిపరక, తృణప్రాయమంటే లెక్కచేయనిది. మర్యాద తెలిసి చిరుధాన్యాలన్నాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరంగా జరిపే నాటికి, కన్నడం నుంచి వచ్చిన ‘సిరిధాన్యాలు’ నోట్లో ఆడుతోంది. గడ్డి నుంచి సిరికి ఈ ప్రయాణంలో గింజ మారలేదు, ధర మారింది. కలిపి విత్తే పద్ధతి కూడా దిగువన ఉంది. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఒకే చెలకలో ఎన్నో పంటలు పండిస్తున్నారు. ఆంధ్రలో ప్రకృతి సేద్యం చేసేవాళ్లు తొలకరికి ముందే ఇరవై ముప్పై రకాల గింజలు కలిపి చల్లి, దానికి నవధాన్యాల సాగు అని పేరు పెట్టారు. నవ అంటే తొమ్మిది అనుకుంటే లెక్క తప్పుతుంది. కొత్త అనుకుంటే సరిపోతుంది.

కొండల్లో కొత్త అంటే పండగే. మామిడి కొత్త, సామ కొత్త, కంది కొత్త. కొత్త చేసి దేవతకు పెట్టేదాకా ఆ కాయ ఎవరూ కోయకూడదు. పచ్చికాయ దశలోనే చెట్టు ఖాళీ కాకుండా, టెంక ముదిరేదాకా కాపు నిలిచేది ఈ కట్టడి వల్లే. ముదరకముందే తొలికాయ కోసి మందు పెట్టి మగ్గబెట్టే మన మండీలు ఈ ‘కొత్త’ను ఎలా అనువదించుకుంటాయో చూడాలి.

వదలడం దగ్గరే మనకు పాఠం ఎక్కదు. ఇప్పుడు తెలంగాణ పత్రికల్లో ‘పోడు భూమి’ అంటే అడవి అంచున ఏటా దున్ని పత్తి వేసే చేను. మాట అదే, కదలిక పోయింది. 2023లో అక్కడ లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. హక్కు రావడం న్యాయమే, ఆలస్యమైన న్యాయం. అయితే పట్టాకు సాగు రుజువు కావాలి, 2005 డిసెంబరు 13 నాటికి నేల చేతిలో ఉండాలి. పాత పద్ధతిలో వాలును వదిలినవాడు ఓడిపోయాడు, వదలకుండా దున్నినవాడు గెలిచాడు. సర్వేకు వచ్చినవాళ్లు ‘మోకా మీద ఎవరున్నారు?’ అని అడుగుతారు. ఉర్దూ మౌకాకు తావు అనీ అదను అనీ రెండర్థాలు. పదేళ్లుగా వదిలేసిన పోడులో మోకా మీద ఉన్నవి మద్ది మొక్కలు. పంచనామాలో వాటి వేలిముద్ర తీసుకునే దారేదో రెవెన్యూ వాళ్లే చెప్పాలి.