గుణకారము లేని త్రికోణమితి

ఒక కోణమునకు జ్యాను, కోజ్యాను గుణకారము బొత్తిగా లేకయే, కేవలము కూడికలతోను, అంకెలను ప్రక్కకు జరుపుటతోను కనుగొనవచ్చునని తెలిసినంతనే కలిగిన సంతోషము ఈ వ్యాసమునకు మూలము. ఆ పద్ధతికి కార్డిక్ అని పేరు.

1956లో అమెరికాలోని కాన్వెయిర్ సంస్థయందు జాక్ వోల్డర్ అను ఇంజనీరు, బీ-58 బాంబరు విమానమున మార్గనిర్ణయమునకు వాడు అనలాగ్ రిజాల్వరుకు బదులుగా అంతకంటె సూక్ష్మమైన డిజిటల్ సాధనమును కల్పింపవలసివచ్చి, 1946 నాటి సీఆర్‌సీ హ్యాండ్‌బుక్కులోని ఒక త్రికోణమితి సూత్రమున దానికి బీజమును కనుగొనెను. అదే 1946లో మద్రాసు గిండీయందు వెలసి, 1948లో అనంతపురమునకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాలలో విద్యార్థులు ఆనాడు స్లైడ్ రూలుతోను, లాగరిథము పట్టికలతోను లెక్కలు సాధించుచుండిరి.

వోల్డర్ 1959లో ప్రకటించిన పద్ధతి యిది: ఒక రేఖను మొదట 45 డిగ్రీలు, పిదప 26.565, పిదప 14.036, ఇట్లు ప్రతిమారు టాంజెంటు సగమగునట్టి కోణములచే, కావలసిన కోణమును దాటినచో వెనుకకును, దాటనిచో ముందునకును త్రిప్పుచు పోవలెను. ద్విసంఖ్యామానమున సగము చేయుట యనగా అంకెల నొక స్థానము కుడికి జరుపుటయే గనుక గుణకముతో పనియే లేదు. త్రిప్పుటలో రేఖ 1.6468 రెట్లు సాగునుగాని, కోణమేదైనను ఆ సాగుదల మారదు గావున, ముందే రేఖను ఆ మేరకు కుదించి మొదలుపెట్టవచ్చును. ఏటికి 550 మిల్లీమీటర్ల వాన చాలీచాలక పడు ఈ అనంతపురపు సీమలో, పదును చూచి వేరుసెనగ విత్తు రైతు పొదుపే నాకిందు కనిపించును.

కార్డిక్ పూర్వులను వెదకుచు పోగా, 499 ప్రాంతమున ఆర్యభటుడు 24 జ్యాభేదములను ఒకే పద్యమున బిగించిన కోష్ఠకమును, 1624లో హెన్రీ బ్రిగ్స్ లాగరిథములకు వాడిన దగ్గరిచుట్టపు ఉపాయమును తగులును. 1971లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థకు చెందిన జాన్ వాల్తర్ భాగహారము, వర్గమూలము, లాగరిథము కూడ ఒకే క్రియాక్రమమున సాధ్యములని చూపెను. మరుసటి యేట అదే సంస్థ 395 డాలర్లకు అమ్మిన హెచ్‌పీ-35 జేబు కాలిక్యులేటరు ఈ కుటుంబపు పద్ధతులతోనే పనిచేసి, స్లైడ్ రూలుకు కాలము చెల్లజేసెను.

కాలిక్యులేటరు పిదప కార్డిక్ కథ చిప్పులలో సాగినది. చిప్పుల సంస్థయైన జైలింక్స్ సంస్థాపకులలో నొకడైన రాస్ ఫ్రీమన్ కల్పించిన, కొనిన పిదప కూడ వలసినట్లు తీర్చుకొనదగిన ఎఫ్‌పీజీఏ చిప్పు 1985లో వెలువడెను. ఆ మొదటి ఎక్స్‌సీ2064లో తర్కఖండములు 64 మాత్రమే; ప్రతి ఖండమునకును ఆధారము చిన్న కోష్ఠకమే. గుణకములు లేని అట్టి చిప్పులపై కార్డిక్ మరల వర్ధిల్లెను. 2001 ప్రాంతమున జైలింక్స్ వారి వర్టెక్స్-2 చిప్పులలో 18 బిట్ల గుణకములు సిద్ధముగ వచ్చి చేరినవి. అంతట తయారు మాడ్యూలును తెచ్చి అతికించుటయే అలవాటై, ఏ బిట్టు ఎందుకు జరుగుచున్నదో ఎరిగి వ్రాయు శిక్షణ సన్నగిల్లినది. ఇది చిన్న నష్టము కాదు. నేడు అనంతపురమున, చిప్పుల రూపకల్పనకు వాడు వెరిలాగ్ భాషను నేర్చు బిడ్డలు మొదట పదునారు మెట్ల కార్డిక్‌ను స్వహస్తముతో వ్రాసి, మెట్టుకొక బిట్టు చొప్పున ఫలము స్థిరపడుటను తెరపై చూడవలెనని నా కోరిక. ఈ విద్య ఇంకను సజీవమైనదే: 2019లో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ విడుదల చేసిన ఎస్‌టీఎం32జీ4 మైక్రోకంట్రోలర్లలో, మోటార్లను నడపు లెక్కల వంటివానికై, కార్డిక్ విభాగము ప్రత్యేకముగ నున్నది.