ధర్మాసుపత్రికి దారి బత్తెం

చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి కర్ణాటక పటంలో ఉన్న ఊళ్ళే గాని, ఆ తాలూకాల పల్లెలలో పొయ్యికాడ వినబడే మాట చాలావరకు తెలుగు. కైవారం తాతయ్య అని మేము పిలుచుకొనే యోగి నారేయణ యతీంద్రుల ఊరు చింతామణి తాలూకాలోనిదే. మైసూరు సంస్థానంలో కోలారు జిల్లాకు చెందిన ఈ ప్రాంతం, 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు కూడా మైసూరులోనే ఉండిపోయినది. 2007లో కోలారును విడదీసి చిక్కబళ్లాపురం జిల్లా చేసినారు. ఆ విధంగా మావాళ్ళు గుమ్మం దిగకుండానే ప్రవాసాంధ్రులైనారు.

ఉగాది సంచికలో దేవాలయాలను గూర్చి, కవులను గూర్చి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది కలరు. నేను ఎన్నుకొన్న విషయం కొంచెం మొరటుది. కత్తి పడక తప్పని రోగం వస్తే, చేతిలో కాసులేని మనిషికి ఈ మూడు తాలూకాలలో ఎవరు ఖర్చు పెట్టినారు? ఎంతవరకు పెట్టినారు? నేను డాక్టరును కాను, చరిత్ర పరిశోధకుణ్ణి అంతకన్నా కాను. మెట్రిక్ చదివి రైల్వేలో టికెట్లిచ్చే గుమాస్తాను. అందుచేత నా చూపు మొదట దారి ఖర్చు మీద పడుతుంది. ఈ విషయంలో అదే సరియైన చూపు అని కూడా నా అభిప్రాయం.

సంస్థానం రోజులలో పెద్ద ఆపరేషన్ అంటే బెంగళూరే. అక్కడి విక్టోరియా ఆసుపత్రికి మైసూరు మహారాణి 1897లో పునాది వేయించగా, 1900 డిసెంబరులో లార్డు కర్జన్ దానిని ప్రారంభించినాడు. కంటి జబ్బులకు మింటో ఆసుపత్రి ఉండేది. అక్కడ బీదలకు వైద్యం ఉచితమే. జనం వాటిని ధర్మాసుపత్రులు అనేవారు. ఆ మాటలో కృతజ్ఞత ఉన్నది, కొంత భయమూ ఉన్నది. ధర్మాసుపత్రికి పోయినవాడు తిరిగి వస్తాడో రాడో అనే భయం! మా దగ్గరలో మిషనరీలు కూడా పనిచేసినారు. చిక్కబళ్లాపురంలో లండన్ మిషనరీ సొసైటీవారు నెలకొల్పిన ఆసుపత్రి తరువాత సి.ఎస్.ఐ. వారి చేతిలోకి వచ్చినది. కోలారులో మెథడిస్టు మిషన్ వారి ఎలెన్ తోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రి వెలసినది. సముద్రాల అవతల ఎవరో చర్చిలలో చందాలు వేసికొని పంపిన డబ్బుతో ఇక్కడ కాన్పు కష్టమైన తల్లులకు కోత వేసి ప్రాణాలు నిలిపినారు. మతం మాట ఎట్లున్నా, ఈ రుణం ఒప్పుకోవలసినదే.

రైలు సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మాకు రెండున్నర అడుగుల చిన్నబండి వచ్చినది. కోలారు నుండి శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్లాపురం, అక్కడినుండి యలహంక. దాని వేగం గూర్చి మావైపు వేళాకోళాలకు లెక్కలేదు గాని, మంచంపట్టిన మనిషిని ఎద్దులబండిలో బెంగళూరు చేర్చడం ఎంత పనో తెలిసినవారు ఆ బండిని వెక్కిరించరు. ఆ దారి పెద్దపట్టాలుగా మారి కోలారుకు, చిక్కబళ్లాపురానికి నడుమ మళ్ళీ బండ్లు నడిచేసరికి 2013 వచ్చినది. బాగేపల్లికి మాత్రం అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు.

ఇక అసలు కథ. రోగిని కత్తి దగ్గరకు చేర్చడం మాని, కత్తినే రోగి దగ్గరకు తెచ్చిన మనిషి ఒకరున్నారు. వారు డాక్టర్ ఎం.సి. మోదీ. బిజాపూరు జిల్లా బీళగిలో 1916లో పుట్టినారు. 1943 నుండి ఊరూరా తిరిగి కంటి శుక్లాలు తీయడం మొదలుపెట్టినారు. కర్ణాటకంలోనూ ఆంధ్రదేశంలోనూ ఆయన పేరు తెలియని తాలూకా అరుదు. 1968లో మన తిరుపతిలో ఒక్క దినంలో 833 శుక్లాలు తీసినారని ప్రసిద్ధి. గిన్నిస్ గ్రంథం వారు ఎక్కించుకొన్న లెక్క ప్రకారం 1993 ఫిబ్రవరి నాటికి ఆయన 46,120 గ్రామాలు చూసి, 6,10,564 ఆపరేషన్లు చేసినారు. గుమాస్తా బుద్ధి ఊరుకోదు గదా, నేను భాగించి చూసినాను. తిరుపతి లెక్కను ఇరవైనాలుగు గంటలకు పంచినా ఒక కంటికి రెండు నిమిషాలైనా రాదు. గ్రామాల లెక్క చూస్తే ఊరికి పదమూడు కండ్లు. నాకు మొదటిదానికంటే రెండవదే పెద్ద సంగతిగా తోస్తుంది. పదమూడుమంది కోసం ఒక ఊరికి పోవడమంటే మాటలా!

అటువంటి శిబిరానికి డబ్బు ఎట్లా కూడేదో గమనించవలసి ఉన్నది. డాక్టరు రుసుము తీసుకోరు. ఊరి పెద్దలు, వర్తకులు, లయన్సు, రోటరీ సంఘాలవారు తలా కొంత వేసికొనేవారు. ఒకరు సత్రమో బడో ఇప్పిస్తే, ఇంకొకరు బియ్యం మూటలు ఇచ్చేవారు; మరొకరు దూది, మందులు కొనేవారు. ఆనాటి పద్ధతిలో కంటి గుండును సాంతం బయటికి తీసి, కట్టు కట్టి, కదలకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. కాబట్టి ఖర్చులో పెద్దభాగం కత్తిది కాదు, కూడుది. రోగికి కూడు, రోగి వెంట వచ్చిన మనిషికి కూడు. బడి పిల్లలు, ఊరి యువకులు చేయిపట్టి నడిపించేవారు. ఇచ్చినవారి కండ్లయెదుటనే వారిచ్చినది అన్నంగా మారేది. అందుకే దాతలకు కరవు రాలేదని నా ఊహ.

మా అవ్వ బాగేపల్లి తాలూకాలో అటువంటి ఒక శిబిరంలో కన్ను చేయించుకొన్నది. సోడాబుడ్డి అడుగుల వంటి అద్దాలు పెట్టుకొని, గడప కనబడక రెండుమూడుసార్లు తట్టుకొన్నది గాని, పురుగులేరి బియ్యం చెరగడం మానలేదు. ఖర్చెంతయిందని అడిగితే ఆమె ఒకే మాట చెప్పేది: “కోసిన డాక్టరు పైసా అడగల్యా నాయినా, బస్సోడే అడిగినాడు.” ఈ విషయాన్ని గూర్చి నేను చదివినవన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

శిబిరాలకు ఒక లోపం ఉన్నది. బడిగదిలో కోత వేస్తే చీము పట్టే ప్రమాదం ఉంటుంది. పైగా, తీసిన గుండు స్థానంలో కృత్రిమ కటకం అమర్చే పద్ధతి వచ్చిన తరువాత సూక్ష్మదర్శినులు, శుభ్రమైన థియేటరు తప్పనిసరి అయినవి. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు మధురలో అరవింద కంటి ఆసుపత్రి ప్రారంభించినారు. వారి తాలూకు ఆరోలాబ్ 1992 నుండి కటకాలను విదేశీ ధరలో కొద్ది భాగానికే తయారుచేసినది. అప్పటినుండి శిబిరమంటే పరీక్ష మాత్రమే ఊరిలో, కోత ఆసుపత్రిలో అనే పద్ధతి స్థిరపడినది. అయితే రోగిని మళ్ళీ పట్నానికి తీసుకుపోవలసి వచ్చినది గదా? దానికి విరుగుడు బస్సు. కోయంబత్తూరులో 1977లో డాక్టర్ ఆర్.వి. రమణిగారు ఆరంభించిన శంకర ట్రస్టువారు 2008లో బెంగళూరులో ఆసుపత్రి తెరచినారు. వారు పల్లెలో పరీక్షించి, తమ బస్సులో తీసుకుపోయి, ఆపరేషన్ చేసి, అన్నం పెట్టి, తిరిగి దించిపోతారు. డబ్బున్న ఇరవైమంది ఇచ్చిన రుసుముతో లేని ఎనభైమందికి చేయడం వారి లెక్క. మా అవ్వ కాలానికి ఆ బస్సు ఉంటే ఆమె మాట మారియుండేది.

కన్ను సంగతి ఇట్లుండగా, గుండె సంగతి వేరు. గుండెకు రంధ్రమున్న పిల్లవానికి ఏ సత్రంలోనూ కోత వేయలేరు. లక్షల మాట అది. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థను ఆనాటి ప్రధాని పి.వి. నరసింహారావుగారు ప్రారంభించినప్పుడు, బిల్లు కట్టే కౌంటరే లేని గుండె ఆసుపత్రి ఒకటి బాగేపల్లికి రెండు గంటల బస్సు దూరంలో ఏర్పడినది. 2001 జనవరిలో వైట్‌ఫీల్డులో రెండవది వచ్చినది. భక్తులు ప్రపంచం నలుమూలలనుండి ఇచ్చిన విరాళాలు వాటికి ఆధారం. భక్తి ఎవరిది వారిది, దానిని నేను తర్కించను. వరుసలో ముందు నిలబడినవాడే ముందు అనే పద్ధతికి నేను నమస్కరిస్తాను. అయితే ఆ వరుసలో నిలబడడానికి తెల్లవారకముందే చేరాలి. అంటే ముందురోజు సాయంత్రమే బయలుదేరాలి. బిడ్డతో తల్లి, తల్లితో ఇంకొకరు. పరీక్షకు ఒకసారి, తేదీకి ఒకసారి, కోతకు ఒకసారి, చూపించుకోవడానికి మరి రెండుసార్లు. కూలిపని చేసేవానికి ప్రతిసారీ ఇద్దరి కూలి పోతుంది. ఆసుపత్రి తప్పు ఇందులో ఏమీలేదు. దాత ఇచ్చేది ద్వారం దగ్గర మొదలౌతుంది, రోగి ఖర్చు ఇంటిదగ్గర మొదలౌతుంది. అంతే.

దానం కానిది, అప్పు కానిది ఒక దారి కూడా మా జిల్లా చూసినది. అది యశస్విని. డాక్టర్ దేవి శెట్టిగారి ఆలోచనకు కర్ణాటక సహకార శాఖ పూనుకొనగా, 2002 నవంబరు 14న ప్రారంభమై 2003 జూన్ నుండి అమలైనది. సహకార సంఘ సభ్యుడు నెలకు ఐదు రూపాయలు, అంటే ఏడాదికి అరవై కడితే, దాదాపు 1,600 రకాల ఆపరేషన్లకు రక్షణ. మొదటి సంవత్సరమే సుమారు 16 లక్షలమంది చేరినారు. ఇది మావైపు వెంటనే నాటుకొన్నది, ఎందుకంటే చింతామణి, బాగేపల్లి పల్లెలలో పాల సంఘం లేని ఊరు తక్కువ. పొద్దున పాలు పోసే చోటనే ఐదు రూపాయల సంగతీ తేలిపోయేది. తన డబ్బు కట్టినవాడు ఆసుపత్రిలో తలయెత్తి మాట్లాడతాడు. ధర్మాసుపత్రి అనే మాటలోని భయం ఇక్కడ లేదు. కాని ఆవు లేనివాడు పాల సంఘంలో లేడు. భూమిలేని కూలివాడు, అందరికంటె ముందుండవలసినవాడు, గేటు బయటనే నిలిచినాడు. 2018లో ఈ పథకాన్ని ప్రభుత్వారోగ్య పథకంలో కలిపి, మళ్ళీ 2022లో వేరుగా పునరుద్ధరించినారు.

సరిహద్దు చేసే చిత్రం కూడా చెప్పవలసి ఉన్నది. 2007 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాలలో మొదలైనది. అందులో ఒకటి అనంతపురం, అంటే ఆనాడు బాగేపల్లికి ఆనుకొని ఉండిన జిల్లా. తెల్లకార్డు ఉన్నవానికి పెద్ద ఆపరేషన్లు ఉచితం, పైగా భోజనం, దారి ఖర్చు కూడా ప్యాకేజీలోనే. అదే భాష మాట్లాడుతూ, అదే వియ్యపు వరుసలలో ఉండి, ఇవతలి గట్టున ఉన్నవానికి అది లేదు. కర్ణాటకంలో వాజపేయి ఆరోగ్యశ్రీ 2010లో గుల్బర్గా వైపు మొదలై క్రమంగా మిగిలిన జిల్లాలకు వచ్చినది. అక్కడ అన్నకు గుండె బాగయింది, ఇక్కడ తమ్ముడు పొలం కుదువ పెట్టినాడు అనే మాటలు ఆ నడుమ కాలంలో మావైపు విన్నాను. 2019 డిసెంబరులో ఆంధ్ర ప్రభుత్వం ఆపరేషన్ అయినవారు ఇంటిపట్టున ఉన్న రోజులకు దినానికి 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే ఆరోగ్య ఆసరా పథకం ప్రవేశపెట్టినది. పోయిన కూలిని కూడా చికిత్సలో భాగంగా లెక్కవేసిన పథకం నేనెరిగినంతలో అదే.

ఇది మా ఊళ్ళ గొడవ మాత్రమే అనుకోరాదు. 2015లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘమొకటి ప్రపంచమంతటి శస్త్రచికిత్సను పరిశీలించినది. అవసరమైన ఆపరేషన్ భద్రంగా, అందుబాటు ఖర్చులో దొరకనివారు 500 కోట్లమంది అని తేల్చినారు. ఆఫ్రికా పల్లెలు అందులో ముందువరుసన ఉన్నవి. ఏటా 3.3 కోట్లమంది ఆపరేషన్ ఖర్చుతో చితికిపోతున్నారట. మరి 4.8 కోట్లమంది వైద్యం కాని ఖర్చులతో, అంటే ప్రయాణం, తిండి మొదలైన వాటితో చితికిపోతున్నారట. రెండవ అంకె మొదటిదానికంటె పెద్దది! ఎక్కడో లండనులో అచ్చయిన ఈ లెక్కకూ, మా అవ్వ మాటకూ తేడా నాకు కనబడలేదు.

నా కౌంటరు దగ్గర ఈ సంగతి రోజూ కనబడుతుంది. రైల్వేవారు రోగులకు రాయితీ ఇస్తారు. గుండె ఆపరేషనుకు పోయేవారికి, మూత్రపిండం మార్పిడికి, డయాలిసిస్‌కు పోయేవారికి రెండవ తరగతిలోనూ స్లీపరులోనూ నూటికి 75 వంతులు తగ్గింపు. వెంట ఒకరికి కూడా. క్యాన్సరు రోగికి స్లీపరులో పూర్తిగా ఉచితం. 2020 మార్చిలో వృద్ధుల రాయితీతో సహా చాలా రాయితీలు ఆపివేసినా, పదకొండు రకాల రోగులకు మాత్రం నిలిపి ఉంచినారు. ఆ పదకొండింటిలో కంటి శుక్లం లేదు, వరిబీజం లేదు, గర్భసంచి ఆపరేషన్ లేదు. పల్లెలలో ఎక్కువగా చేయించుకొనే కోతలు అవే. ఆసుపత్రి సంతకం, ముద్ర ఉన్న ఫారం కావాలి. అది ఉందని తెలియక పూర్తి ఛార్జీ పెట్టినవారిని, టికెట్టు కొన్న తరువాత ఫారం తీసి చూపినవారిని నేను చాలామందిని చూసినాను. దయచేసి ఈ సంచిక చదివినవారు తమవైపు ఉత్తరం రాసేటప్పుడు ఆ ఫారం సంగతి రాయవలెనని కోరుతున్నాను.

2023 మార్చి 25న విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లిలో, చిక్కబళ్లాపురానికి కూతవేటు దూరంలో, ఉచిత వైద్యం కోసం మధుసూదన్ సాయి వైద్య విజ్ఞాన సంస్థను ప్రధానమంత్రి ప్రారంభించినారు. అదే సంవత్సరం జూన్ 11 నుండి కర్ణాటకం ఆడవారికి సాధారణ బస్సులలో శక్తి పథకం కింద ఉచిత ప్రయాణం ఇచ్చినది. దానిని పెట్టినవారు ఆసుపత్రులను తలచుకొని పెట్టలేదేమో గాని, బాగేపల్లి నుండి బిడ్డను ఎత్తుకొని ముద్దేనహళ్లికి పోయే తల్లికి ఇప్పుడు బస్సు ఛార్జీ లేదు. అదే తల్లి పుట్టపర్తికి పోవలసివస్తే ఆ పథకం చెల్లదు. కొడికొండ చెక్‌పోస్టు దాటే ప్రయాణానికి టికెట్టు కొనవలసినదే.