మీర్జా అబుల్ ఫజల్ సంశయములు

బహాయీ మతము పంతొమ్మిదవ శతాబ్దమున పారశీక దేశమందు పుట్టినది. 1844లో షీరాజు నగరమున 'బాబ్' ఆరంభించిన ఉద్యమమునకు అనుయాయి యగు బహాఉల్లా, 1863లో బాగ్దాదునందు తానే నిరీక్షింపబడిన ప్రవక్తనని ప్రకటించెను. ఈ మతమున చేరినవారి పేర్లును, చేరిన సంవత్సరములును చరిత్రలలో దొరకును గాని, అంతకు ముందు వారి మనస్సు పడిన పెనుగులాట తెలియుట అరుదు. మీర్జా అబుల్ ఫజల్ విషయమున అది కొంతవరకు తెలియుచున్నది.

ఈయన 1844లో గుల్పాయెగాను పట్టణమున పండిత వంశమున జన్మించెను. ఇస్లాము ధర్మశాస్త్రమును, తర్కమును, తత్త్వమును అభ్యసించి టెహరానునందొక మదరసాకు ప్రధానాచార్యుడయ్యెను. ఇంతటి విద్వాంసుని మొదట నిరుత్తరుని చేసినవాడు లాడములు కొట్టు ఒక కమ్మరి. బహాయీ గ్రంథములలో ఆ వృత్తాంతమిట్లున్నది. దారిలో వాహనపు లాడమూడగా పండితుడు కమ్మరి యొద్ద ఆగెను. "అయ్యా, ప్రతి వాన చినుకును ఒక దేవదూత భూమికి తెచ్చునని పెద్దలు చెప్పుదురు, నిజమేనా?" అని కమ్మరి యడిగెను. నిజమే యని పండితుడనెను. మరికొంత సేపటికి, "కుక్క యున్న యింట దేవదూతలు అడుగిడరందురు, అదియు నిజమేనా?" అనెను. అదియు నిజమే. "అటులైన కుక్క యున్న యింటిపై వాన కురియరాదు గదా!" ఆచార్యుడు సిగ్గుపడి వెడలిపోయెను. ఆ కమ్మరి బహాయీయని తోడివారు పిమ్మట చెప్పిరి.

ఆ సిగ్గే ఆయనను బహాయీలతో వాదమునకు దింపెను. వారు బహాఉల్లా రచించిన 'కితాబె ఈకాన్' చేతికిచ్చిరి. చదివి, ఇదియే ప్రమాణమైనచో ఇంతకన్న మేలైన గ్రంథమును తానును వ్రాయగలనని పలికెను. మరునాడొక స్త్రీ వచ్చి జాబు వ్రాసిపెట్టుమని కోరగా, కలము పట్టిన పండితునకు మొదటి వాక్యమే తోచలేదట. కాగితముపై గీతలు గీయుచు కూర్చుండెను. జాబు వ్రాయుట మరచితినని చెప్పరాదాయని ఆమె మందలించి పోయెను. భక్తులల్లిన కథలలో నాయకుని ఇంతగా చిన్నబుచ్చుట అరుదు; ఈ కారణముననే దీనిని కల్పనయని త్రోసివేయుట కష్టము.

అయినను ఆయన లొంగలేదు. తుర్కీ సుల్తాను అబ్దుల్ అజీజు పతనమగునని బహాఉల్లా ముందే వ్రాసియుండెను. అది జరిగినచో విశ్వసింతునని అబుల్ ఫజల్ పందెము వంటి మాట యిచ్చెను. 1876 మే 30న సుల్తాను పదభ్రష్టుడయ్యెను. వార్త విని పండితుడు విశ్వసించుటకు మారుగా కలత చెందెనందురు. అది సహజమే. 1875లోనే తుర్కీ ఖజానా దివాలా తీసినది. బాల్కను రాష్ట్రములలో తిరుగుబాట్లు చెలరేగినవి. సుల్తాను పడుటకు కారణములు వెదకువానికి కరవు లేదు. తాను పెట్టిన నిబంధన నెరవేరినను సంశయము తీరలేదు. తుదకొక రాత్రి ప్రార్థనలో గడపి, కన్నీటితో దారి చూపుమని దైవమును వేడి, పూర్వము తేలికచేసిన రచనలనే తిరిగి చదివెను. ఈ మారు ఆయన చదివినది తప్పులు వెదకుటకు గాదు. ఆ యేడే ఆయన బహాయీ అయ్యెను.

వెంటనే మదరసా పదవి పోయెను. మూడు మారులు చెరసాల ప్రాప్తించెను. అప్పుడాయనకు కొలువిచ్చిన వాడు మానెక్‌జీ లింజీ హటారియా యను పారశీయుడు. వేయేండ్లకు పైగా గుజరాతున స్థిరపడి గుజరాతీయే మాతృభాషగా గల పారశీలు, ఇరానున మిగిలిన తమవారి కష్టములు మరువక 1854లో ఆయనను పంపియుండిరి. జరతుష్ట్ర మతస్థులపై జిజియా పన్ను 1882లో తొలగుట ఆయన కృషి ఫలమే. అబుల్ ఫజల్ ఆయనకు కార్యదర్శిగా నుండి, జరతుష్ట్రుల బాలురకు చదువు చెప్పెను.

పిమ్మట ఆయన అష్కాబాదు, సమర్కందు, బుఖారాలు తిరిగి కైరో చేరెను. 1901 మొదలు 1904 వరకు అమెరికాలో బోధించి, 1914 జనవరిలో కైరోనందే మరణించెను. కైరోలో నుండగా, టిఫ్లిసు నగరపు షేఖుల్ ఇస్లాము 'ఈకాన్'ను ఖండించుచు గ్రంథము వ్రాసెను. దానికి సమాధానముగా 1898లో 'ఫరాయిద్' అను గొప్ప గ్రంథము వెలువడినది. దానిని రచించినవాడు, ఈకానును మించినది తానును వ్రాయగలనని ఒకనాడు పలికిన అబుల్ ఫజలే.