చెయ్యి అందని చోట: బాల్టిమోర్ బ్రాడీ సంస్థ కథ

మన యూరాలజీ విభాగం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని పిల్లలు వచ్చి అడిగారు. విభాగం ఎప్పుడు మొదలైంది, ఎవరెవరు పనిచేశారు, ఎన్ని మంచాలున్నాయి అనే సంగతులు రాయడానికి నాకంటే బాగా గుర్తున్నవాళ్లున్నారు. నేను వేరే ఇంటి చరిత్ర రాస్తానన్నాను. మన పుట్టిల్లు లాంటి ఇల్లు అది. అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ నగరంలో ఉంది. పేరు జేమ్స్ బ్యుకనన్ బ్రాడీ యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్. 1915లో తెరిచారు. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో భాగం.

ఆ ఇంటితో మనకేం సంబంధమని అడగవచ్చు. నేను చేరిన కొత్తలో ప్రొస్టేట్ ఆపరేషన్ ట్రే మీద ఒక వింత సూదిపట్టు ఉండేది. యంగ్స్ బూమరాంగ్ అనేవాళ్లం. కటి లోతుల్లో, రెండు వేళ్లు కూడా తిరగని సందులో కుట్టు వెయ్యాలంటే మామూలు నీడిల్ హోల్డర్ తిరగదు. దీని పిడి నొక్కితే కొసన ఉన్న వంపు సూది తనంతట తానే తిరిగి, కండలో దూరి అవతల తేలుతుంది. ఆ యంగ్ ఎవరో చాలా ఏళ్లు నాకు తెలియదు. తెలిశాక ఆయన మీద గౌరవం పెరుగుతూనే వచ్చింది. బ్రాడీ సంస్థ చరిత్రలో మొదటి ముప్పై ఏళ్లూ ఆయన చరిత్రే.

హ్యూ హాంప్టన్ యంగ్ 1870లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టాడు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, పాతికేళ్ల వయసులో హాప్కిన్స్‌లో చేరాడు. అక్కడ శస్త్రచికిత్సకు పెద్ద దిక్కు విలియం హాల్‌స్టెడ్. ఆపరేషన్‌లో రబ్బరు గ్లౌజులు వాడుకలోకి తెచ్చినవాడు. చేతులు కడుక్కునే రసాయనంతో థియేటర్ నర్సు చేతులు పుండ్లు పడుతుంటే, ఆమె కోసం రబ్బరు కంపెనీకి చెప్పి పల్చటి గ్లౌజులు చేయించాడు. ఒక మనిషి బాధ చూసి ఒక పనిముట్టు చేయించడం ఆ ఆసుపత్రిలో అలా మొదలైంది. యంగ్ నేర్చుకున్నది ఆ వాతావరణంలోనే.

1897లో ఒకరోజు నడవాలో మలుపు తిరుగుతూ యంగ్ హాల్‌స్టెడ్‌ను గుద్దుకున్నాడట. నీ కోసమే వెతుకుతున్నాను, మూత్రవ్యాధుల విభాగం నువ్వు చూసుకోవాలి అన్నాడు హాల్‌స్టెడ్. ఆ విషయం నాకేమీ తెలియదండీ అన్నాడు యంగ్. తెలియదని మాకూ తెలుసు, నేర్చుకోగలవని నమ్మకం అన్నాడు పెద్దాయన. యంగ్ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి ఇది. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు.

నేర్చుకోవడానికి అప్పట్లో ఉన్నది కూడా తక్కువే. 1870ల చివర మాక్సిమిలియన్ నిట్జె అనే జర్మన్ వైద్యుడు మూత్రాశయం లోపలికి దీపం పంపి చూసే సిస్టోస్కోపు తయారుచేశాడు. చూడటం వచ్చింది కానీ, కంటికి కనిపించిన దాన్ని ఏం చెయ్యాలో ఇంకా తెలియని కాలం. ప్రొస్టేట్ క్యాన్సర్ మాట సరేసరి. మూత్రం పూర్తిగా ఆగిపోయాకో, ఎముకల్లో నొప్పులు మొదలయ్యాకో రోగి వచ్చేవాడు. గొట్టం వేసి బాధ తగ్గించి పంపేవాళ్లు.

యంగ్ నలభై మంది రోగుల వివరాలు ముందు వేసుకుని కూర్చున్నాడు. గ్రంథి వెనక భాగంలో పుట్టిన క్యాన్సర్‌ను దాని పైపొర, దాని వెనకున్న మరో పొర కొంతకాలం కట్టడి చేస్తాయని గమనించాడు. ఆ గడువులోనే పట్టుకుంటే? గ్రంథిలో గడ్డ ఒక్కదాన్నే గిల్లి తియ్యకుండా, పైపొరతో సహా, వెనకున్న వీర్యకోశాలతో సహా, మూత్రాశయం మెడలో కొంత భాగంతో సహా మొత్తం ఒక్క ముద్దగా తీసేస్తే? 1904 ఏప్రిల్ 7న ఆ ఆపరేషన్ చేశాడు. మూలాధారం దగ్గర, మలద్వారానికి ముందు కోత పెట్టి కింది నుంచి పైకి వెళ్లాడు. ఆ రోజు బల్లకు అవతల అసిస్టెంటుగా నిలబడ్డది హాల్‌స్టెడ్. గురువు శిష్యుడికి రిట్రాక్టర్ పట్టుకున్నాడు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నేను కాసేపు ఆగిపోతాను. మరుసటి ఏడాది ఫలితాలు అచ్చువేసినప్పుడు, నలభై మందిలో నలుగురికి మాత్రమే ఈ ఆపరేషన్ చేశానని వ్యాసం శీర్షికలోనే రాసుకున్నాడు.

కింది నుంచి వెళ్లే ఆ దారిలో ఒక చిక్కుంది. ప్రొస్టేట్ పైన ఎక్కడో లోతులో ఉంటుంది. వేలు అక్కడిదాకా వెళుతుంది, చూపు అందదు. దానికోసం యంగ్ ఒక ట్రాక్టర్ చేయించాడు. ఇది పొలం దున్నే ట్రాక్టర్ కాదు, లాగే సాధనం. సన్నటి కడ్డీ. కొసన రెండు రెక్కలు ముడుచుకుని ఉంటాయి. మూత్రనాళంలో చిన్న కోత గుండా మూత్రాశయంలోకి పంపి, పిడి తిప్పితే లోపల రెక్కలు విచ్చుకుంటాయి. ఇక కిందికి లాగడమే. గ్రంథి గాయం ముఖానికి దిగి వస్తుంది. మా ఊళ్లో బావిలో చేద జారిపడితే పాతాళగరిగె వేసి లాగేవాళ్లు. చీకట్లోకి వెళ్లి, పట్టు దొరికించుకుని, కంటికి ఎదురుగా తెచ్చే పద్ధతి రెండింటిదీ ఒకటే. మన విద్యార్థులకు ఈ సాధనం గురించి చెప్పినప్పుడల్లా పాతాళగరిగె బొమ్మే గీసేవాణ్ణి. ఇప్పటి పిల్లలకు పాతాళగరిగె కూడా చూపించాల్సి వస్తోంది.

ఇక సంస్థకు భవనం తెచ్చిపెట్టిన పనిముట్టు వేరే. దాని పేరు పంచ్. 1909 ప్రాంతంలో యంగ్ తయారుచేశాడు. గొట్టం లోపలి కొస దగ్గర ఒక కిటికీ. మూత్రం దారికి అడ్డంగా పెరిగిన కండ ఆ కిటికీలోకి జారి పడుతుంది. లోపల ఇంకో పదునైన గొట్టాన్ని ముందుకు నెడితే ఆ కండ తెగి వస్తుంది. పొట్ట కొయ్యక్కర్లేదు, కింద కొయ్యక్కర్లేదు. ఇది క్యాన్సర్ కోసం చేసినది కాదు. వయసుతో పెరిగిన అడ్డంకి తీయడానికి చేసినది. అయినా తర్వాత వచ్చిన క్యాన్సర్ పనిముట్లకు ఇది అక్క.

1912లో న్యూయార్క్ నుంచి ఒక రోగి వచ్చాడు. జేమ్స్ బ్యుకనన్ బ్రాడీ. రైల్వే సామాను అమ్మి కోట్లు గడించినవాడు. ఒంటి నిండా వజ్రాలు పెట్టుకుంటాడని ఊరంతా డైమండ్ జిమ్ అనేది. తిండిపుష్టికీ పేరున్నవాడు. మూత్రం బందైంది. మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు అన్నీ ఉన్నాయి. కత్తి పెడితే బతకడని పేరున్న సర్జన్లు వెనక్కి పంపేశారు. యంగ్ పంచ్‌తో పని పూర్తిచేశాడు. బ్రాడీ లేచి నడిచి ఇంటికి వెళ్లాడు. కృతజ్ఞతగా ఏం కావాలంటే మూత్రవ్యాధులకే ప్రత్యేకంగా ఒక భవనం కావాలన్నాడు యంగ్. 1915లో ఆ భవనం తలుపులు తెరిచింది. బ్రాడీ 1917లో చనిపోయాడు.

ఆ భవనంలో తొలి సంవత్సరాల నుంచే పనిచేసిన మనిషి విలియం డిడుష్. డాక్టరు కాదు, చిత్రకారుడు. యంగ్ చేసిన ఆపరేషన్లను అడుగడుగూ బొమ్మలుగా గీశాడు. ఏ పనిముట్టు ఏ కోణంలో దూరుతుందో, వేలు ఎక్కడుండాలో ఆ బొమ్మల్లో చూసి ప్రపంచం నేర్చుకుంది. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ తన చరిత్ర మ్యూజియానికి ఈ చిత్రకారుడి పేరే పెట్టింది. అది న్యాయం. పనిముట్టు చేసినవాడికి ఎంత పేరు రావాలో, దాన్ని నలుగురికీ నేర్పినవాడికీ అంత రావాలి.

1917లో యంగ్ రెండు పనులు చేశాడు. జర్నల్ ఆఫ్ యూరాలజీ మొదలుపెట్టాడు, అది ఇప్పటికీ వస్తోంది. రెండోది, ప్రొస్టేట్, మూత్రాశయ క్యాన్సర్లకు రేడియం పెట్టడానికి తాను తయారుచేసిన సాధనాల గురించి రాశాడు. కత్తి గడువు దాటిపోయి వచ్చిన రోగులే ఎక్కువ కదా, వాళ్లనేం చెయ్యాలి? రేడియం ఒక్కచోటే ఎక్కువసేపు ఉంటే ఆరోగ్యంగా ఉన్న కండ కాలిపోతుంది. చేత్తో పట్టుకుంటే కదిలిపోతుంది. అందుకని రేడియం కొసన ఉన్న కడ్డీని బల్లకు బిగించే ఏర్పాటు చేశాడు. ఒక్కోసారి ఒక్కోచోట, మూత్రాశయం నుంచి, మూత్రనాళం నుంచి, మలద్వారం నుంచి, గడ్డ చుట్టూ మార్చి మార్చి పెట్టేవాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. క్యాన్సర్‌కు కత్తి దారి వేసినవాడు తన కత్తి పనికిరాని రోగుల దగ్గరా అంతే ఓపికగా కూర్చున్నాడు.

ఆ ఇంట్లోంచి వచ్చిన ఇంకో సరుకు మన అందరి ఇళ్లలోకీ వచ్చింది. మోకాలు చెక్కుకుపోతే బడిలో మాస్టారు పూసిన ఎర్రమందు, మెర్క్యురోక్రోమ్. యంగ్, ఆయన సహచరులు 1919లో దాన్ని వైద్యలోకానికి చూపారు. మూత్రనాళంలో సూక్ష్మక్రిములను చంపడానికి వెతుకుతుంటే దొరికింది. అందులో పాదరసం ఉంది. యంగ్ దాన్ని నరంలోకి కూడా ఎక్కించి చూశాడు, ఆ ఆశ నిలవలేదు. 1998లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ దాన్ని సురక్షితమని ఒప్పుకునే మందుల వరసలోంచి తీసేసింది. పెద్దవాళ్లూ పొరబడతారని చెప్పడానికి ఈ ఎర్రమందు కథ విద్యార్థులకు తప్పక చెప్పాలి.

పంచ్‌కూ లోపముంది. రక్తం ఆగేది కాదు. కోత కళ్లకు సరిగ్గా కనిపించేది కాదు. ఆ లోటు వేరేచోట్ల తీరింది. 1910లో న్యూయార్క్‌లో ఎడ్విన్ బీర్ సిస్టోస్కోపు గుండా విద్యుత్తు పంపి మూత్రాశయంలో కణితులను మాడ్చాడు. 1926లో మాక్సిమిలియన్ స్టెర్న్ కరెంటు తీగతో కోసే రిసెక్టోస్కోపు తెచ్చాడు. జోసెఫ్ మెకార్తి దాన్ని సరిదిద్దాడు. యంగ్ గొట్టంలోని కిటికీ, నిట్జె దీపం, బీర్ కరెంటు, మూడూ ఒకే పనిముట్టులో కలిశాయి. ఈ రోజు మన థియేటర్లో మూత్రాశయ క్యాన్సర్‌ను పొట్ట కొయ్యకుండా గీకి తీసేది దానితోనే.

1926లోనే యంగ్ పన్నెండున్నర వేల కేసుల అనుభవంతో రెండు సంపుటాల గ్రంథం తెచ్చాడు. 1945లో చనిపోయాడు. తర్వాత విలియం వాలెస్ స్కాట్ వచ్చాడు. చికాగోలో చార్లెస్ హగిన్స్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. ప్రొస్టేట్ క్యాన్సర్ హార్మోన్ల మీద ఆధారపడుతుందని చూపి 1966లో నోబెల్ అందుకున్న హగిన్స్ ఆయనే.

1974లో పాట్రిక్ వాల్ష్ సంస్థ పగ్గాలు చేపట్టేనాటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. అప్పటికి యంగ్ ఆపరేషన్‌ను చాలామంది వదిలేశారు. పొత్తికడుపు కోసి పైనుంచి వెళ్లే దారిలో రక్తం కుండలతో పోయేది. బతికిన మగవాళ్లలో దాదాపు అందరూ దాంపత్య సుఖం పోగొట్టుకునేవారు. వాల్ష్ ముందు రక్తనాళాల దారి వెతికి రక్తస్రావం తగ్గించాడు. 1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లి, పదవీ విరమణ చేసిన పీటర్ డోంకర్ అనే పెద్దాయన పక్కన కూర్చున్నాడు. చనిపోయి పుట్టిన శిశువుల శరీరాల్లో, ఆ సుఖానికి ఆధారమైన నరాలను ఇద్దరూ వెతికారు. ఆ నరాలు గ్రంథిలో లేవు, పైపొరకు బయట, పక్కన పోతున్నాయి. అంటే క్యాన్సర్ తీయడానికి వాటిని తెంచాల్సిన పని అందరికీ లేదు. 1982 ఏప్రిల్ 26న బాల్టిమోర్‌లో ఆ నరాలను కాపాడుతూ ప్రొస్టేట్ తీశాడు. కత్తి పాతదే. ఎక్కడ ఆపాలో తెలియడమే కొత్త.

బ్రాడీలో శిక్షణ పొందినవాళ్లలో మణి మేనన్ ఒకరు. కేరళ బిడ్డ, పుదుచ్చేరి జిప్మర్‌లో చదివినవాడు. డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో ఆయన నడిపిన యూరాలజీ సంస్థకు 2001లో భారీ విరాళమిచ్చింది మన తెలుగువాడు రాజ్ వట్టికూటి. అందుకే దాని పేరు వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రోబో ఆపరేషన్‌ను నిత్యకృత్యంగా మార్చిన తొలి కేంద్రాల్లో అదొకటి. సర్జన్ దూరంగా కూర్చుని మీటలు కదుపుతాడు. రోగి కడుపులో, మనిషి మణికట్టు కంటే ఎక్కువగా తిరిగే సన్నటి కొసలు కుట్టు వేస్తాయి. నేను మొదటిసారి ఆ కుట్టు చూసినప్పుడు గుర్తొచ్చింది యంగ్ బూమరాంగే. చెయ్యి తిరగని సందులో సూది తిప్పాలన్న అవసరం రెండింటి వెనకా ఒకటే.

చివరగా ఒక విన్నపం. మన థియేటర్ పక్క స్టోర్ గదిలో, పాత అల్మారాల్లో, రిటైరైనవాళ్ల ఇళ్లలో ఇంకా ఇత్తడి సిస్టోస్కోపులు, మూత్రనాళం వెడల్పు చేసే తుప్పు పట్టిన బూజీలు, పిడి విరిగిన బూమరాంగ్‌లు ఉన్నాయి. పాత సామాను కింద వేలం వెయ్యకండి. ఎవరు వాడారో, ఏ ఏట కొన్నారో ఒక చీటీ రాసి, దారంతో కట్టి, విభాగం లైబ్రరీకి చేర్చండి. అక్కడ ఒక గాజు బీరువా ఖాళీ చేయించి పెట్టాం.