ఎండకు వెలిసినవి

ఉప్పల్‌లో మా డాబా మీద ఆరేసిన చీర రెండు వేసవులకే వెలిసిపోతుంది. మరి గాలిపొర అడ్డులేని అంతరిక్షంలో?

1984 ఏప్రిల్‌లో నాసా రకరకాల పదార్థాల నమూనాలతో ఎల్‌డీఈఎఫ్ అనే ఉపగ్రహాన్ని పంపింది. ఏడాదికని వెళ్ళింది, 1986 ఛాలెంజర్ ప్రమాదం వల్ల 1990 జనవరికి గానీ తిరిగి రాలేదు. దానిమీది తెల్లరంగు వెనకవైపు అతినీలలోహిత కిరణాలకు గోధుమరంగుకు తిరిగింది. ముందువైపు మాత్రం, మాడిన పొరను పరమాణు ఆక్సిజన్ గీకేయడంతో, తెల్లగానే మిగిలింది. రంగు మాడితే పోయేది అందం కాదు. ఉపగ్రహం ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది.

1969లో చంద్రుడి మీద నడిచినవాళ్ళ సూట్లను, ఆ ఎండనాపే పొరలతో సహా, అమెరికాలోని డెలావేర్‌లో ఆడవాళ్ళే కుట్టారు. నాచారంలో కుట్టుమిషన్ల ముందు వంగిన స్త్రీలను చూస్తే వాళ్ళే గుర్తొస్తారు. రంగు ఎంత వెలిసిందో కొలిచి రాసుకున్నాం. కుట్టిన చేతుల పేర్లే వెలిసిపోనిచ్చాం.