నౌకరీ పోయిన నాడు: బేకారీ బీమా కథ, మన హక్కు



చేతిలో ఉన్న నౌకరీ పోతే ఏమి చేయవలె? మన నేలకొండపల్లిలో ఈ ప్రశ్న ఎవరిని అడిగినా "ఏం చేస్తం, ఇంకో పని వెతుక్కుంటం" అనే జవాబే వస్తుంది. అప్పు తేవడం, ఇంట్లోని బంగారం కుదువ పెట్టడం, చుట్టాలకు కబురు పంపడం, ఇవే మనకు తెలిసిన దారులు. నౌకరీ పోయినవానికి చట్టప్రకారం రావలసిన సొమ్ము కూడా కొంత ఉన్నదని చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కొందరికి గడువు దాటిన తర్వాతనే తెలుస్తున్నది. ఈ హక్కు ఎక్కడ పుట్టింది, మన దాకా ఎట్లా వచ్చింది, వచ్చినా చేతికెందుకు అందడం లేదు అనే సంగతులు ఈ వ్యాసంలో క్లుప్తంగా మనవి చేస్తాను.

బేకారీకి బీమా అనే ఆలోచన ఐరోపాలోని కార్మిక సంఘాలలో పుట్టినది. సభ్యులు పని ఉన్న రోజులలో చందా వేసుకొని, పని పోయిన సభ్యునికి ఆ నిధిలో నుండి ఇచ్చుకొనేవారు. 1901లో బెల్జియం దేశంలోని ఘెంట్ నగరం ఈ చెల్లింపులకు తన ఖజానా నుండి కొంత సొమ్ము కలపడం మొదలుపెట్టింది. 1911లో బ్రిటన్ ఒక చట్టం చేసి, ఇళ్ళ నిర్మాణం, ఓడల తయారీ వంటి కొన్ని వృత్తులలో ఈ బీమాను తప్పనిసరి చేసింది. కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ చందా కట్టేవారు. పని పోయినవానికి వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాలకు మించకుండా ఇచ్చేవారు. జర్మనీ 1927లో, అమెరికా 1935లో ఇట్టి చట్టాలే చేసినవి.

ఇక్కడ ఒక సంగతి గమనించవలె. ఇది ఖైరాతు కాదు. పని ఉన్నప్పుడు కట్టిన చందాకు పని లేనప్పుడు వచ్చే ఫలితం. అందుకే షరతులు కూడా మొదటి నుండీ ఉన్నవి. చందా కట్టి ఉండవలె, తన తప్పు వల్ల నౌకరీ పోయి ఉండరాదు, సకాలంలో దరఖాస్తు చేసుకోవలె. వందేళ్ళు దాటినా ఈ మూడు మాటలూ మారలేదు.

ఇక మన దేశం సంగతి. మన రాజ్యాంగంలోని 41వ అధికరణం నిరుద్యోగంలో, ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వం తన శక్తి మేరకు ఆదుకోవలెనని చెప్పింది. అయితే అది ఆదేశిక సూత్రం, కోర్టుకు పోయి రాబట్టుకొనే హక్కు కాదు. 1944లో ఆచార్య అదార్కర్ ఇచ్చిన నివేదిక మీద 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలయింది. జబ్బుకు, కాన్పుకు, పనిలో తగిలిన దెబ్బకు అందులో చోటు దొరికింది. బేకారీకి మాత్రం దొరకలేదు.

దాని బదులు యజమాని మీద ఒక బాధ్యత పెట్టినారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ ప్రకారం, ఏడాది పైబడి పనిచేసిన కార్మికుని పని తగ్గిందని తీసివేయాలంటే నెల నోటీసు ఇవ్వవలె, నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారంగా చెల్లించవలె. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ లెక్క నిలిచింది. రోజుకు 500 రూపాయల మీద ఎనిమిదేళ్ళు పనిచేసినవాడుంటే 120 రోజుల వేతనం, అంటే 60 వేల రూపాయలు రావలె. పేద కుటుంబానికి అది చిన్న మొత్తమా?

అసలు బేకారీ భృతి ఇ.ఎస్.ఐ.లోకి వచ్చింది 2005 ఏప్రిల్ 1న, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన పేరిట. కర్మాగారం మూతబడినా, పని తగ్గి తీసివేసినా, మొదట్లో అయిదేళ్ళు చందా కట్టినవారికి ఆరు నెలలు భృతి అన్నారు. 2018 జూలై 1 నుండి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. రెండేళ్ళు బీమాలో ఉన్నవానికి 90 రోజుల వరకు, సగటు వేతనంలో 25 శాతం, అదీ జీవితంలో ఒక్కసారి. 2020లో కరోనా వచ్చి లక్షలాది నౌకరీలు పోయినప్పుడు దానిని 50 శాతానికి పెంచినారు. 90 రోజులు ఆగనక్కరలేకుండా 30 రోజులకే అడగవచ్చునన్నారు. యజమాని సంతకం కోసం తిరగకుండా దరఖాస్తు నేరుగా ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసులో ఇచ్చుకొనే వీలు కల్పించినారు. ఈ చివరి మార్పు చాలా పెద్దది. తీసివేసిన యజమాని దగ్గరికే పోయి కాగితం మీద సంతకం పెట్టమని అడగడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు.

ఖమ్మం గ్రానైటు యూనిట్లలో, హైదరాబాదు దుకాణాలలో, ఆసుపత్రులలో పనిచేసే మన పిల్లలు ఒక్కటి చూసుకోవలె. జీతం చీటీలో ఇ.ఎస్.ఐ. కోత ఉన్నదా? కార్మికుని వంతు నూటికి ముప్పావలా, యజమాని వంతు మూడుంబావలా. ఆ నంబరు మన దగ్గర లేకపోతే రేపు అడగడానికి ఆధారమే ఉండదు.

ఇక ఊళ్ళో కూలి చేసుకొనే వారి మాట. కాలువ నీళ్ళు ఉన్నన్నాళ్ళే వరి పని, చెరకు పని. మిగతా రోజులకు దిక్కు మనవాళ్ళు "కరువు పని" అనే ఉపాధి హామీ. 2005 నాటి ఆ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. తొలి విడత జిల్లాలలో మన ఖమ్మం కూడా ఉన్నది. పని అడిగిన 15 రోజులలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వవలెనని అందులో రాసినారు. మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ పైన కనీసం సగం. ఆ 2005 చట్టం ప్రకారం కూలి సొమ్ము కేంద్రం ఇస్తే, ఈ భృతి మాత్రం రాష్ట్ర ఖజానా నుండి పోవలె. పని అడిగినవానికి తేదీ వేసిన రశీదు ఇవ్వడానికి ఎందుకు వెనకాడతారో ఇందులో అర్థమవుతుంది. రశీదు లేకుండా నోటితో అడిగితే ఆధారం మిగలదు. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టం ఆమోదించింది. చట్టం పేరు ఏదైనా రశీదు విలువ తగ్గదు.

గల్ఫులో ఉన్నవారికి కూడా ఒక మాట. దుబాయి, షార్జా ఉన్న అరబ్ ఎమిరేట్స్‌లో 2023 జనవరి 1 నుండి నౌకరీ పోయినవారికి బీమా తప్పనిసరి అయింది. మూల వేతనం 16 వేల దిర్హాముల లోపు ఉన్నవారు నెలకు 5 దిర్హాములు కట్టవలె. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, మూల వేతనంలో 60 శాతం మూడు నెలల వరకు వస్తుంది. కాని నౌకరీ పోయిన 30 రోజులలోపే అడగవలె. దేశం విడిచి వచ్చేస్తే రాదు. రాజీనామా చేసినా రాదు. ఇళ్ళలో పనిచేసేవారికి ఈ పథకం వర్తించదు.

రాజీనామా అనే మాట దగ్గర ఆగి ఆలోచించవలె. తీసివేసే రోజున కొందరు యజమానులు తెల్లకాగితం చూపి "సంతకం పెట్టు, బాకీ జీతం ఇస్తం" అంటారు. ఆ సంతకంతో తీసివేత కాస్తా రాజీనామాగా మారిపోతుంది. పరిహారమూ పోతుంది, భృతీ పోతుంది. చదవకుండా సంతకం పెట్టవద్దు. తీసివేసినట్టు రాసి ఇమ్మని అడగండి.

నియామక పత్రం, జీతం చీటీలు, ఇ.ఎస్.ఐ. నంబరు, బ్యాంకు పుస్తకం, పని అడిగిన రశీదు, వీటిని రేషన్ కార్డు దాచినంత భద్రంగా ఒక సంచిలో దాచండి. షరతులు, గడువులు అప్పుడప్పుడు మారుతుంటవి గనుక దరఖాస్తుకు ముందు బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. చదువుకున్న యువకులు ఈ సంవత్సరం ఒక్కొక్కరు తమ వాడకట్టులో పని పోయిన ఒక్క మనిషి వెంట ఆఫీసుకు పోయి, ఆ దరఖాస్తు నింపి, రశీదు ఇప్పించవలెనని నా మనవి.